పచ్చి ముక్కలకు మన పులుపు, మన కారం

2017 కార్తీక మాసంలో, మేము పదో తరగతి చదువుతుండగా, మా హాస్టల్ పిల్లలందరం ఎత్తిపోతలకు వనభోజనానికి వెళ్ళాం. సాగర్‌కు పదకొండు కిలోమీటర్ల దూరంలో, మాచర్ల దారిలో, చంద్రవంక వాగు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి కిందికి దూకే చోటు అది. ‘యతి తపో తలం’ అన్న మాటే వాడుకలో ఎత్తిపోతల అయిందని పెద్దలు చెబుతారు. ఆ రోజు మాకు మాత్రం యతుల మీద కన్నా పులిహోర మీద ధ్యాస ఎక్కువ. పులిహోర అయిపోయింది. వంకాయ కూర అయిపోయింది. సాంబారు గిన్నె అడుగు కనిపించింది. ఒక పెద్ద బేసిన్ నిండా కోసి పెట్టిన కీరదోస, క్యారెట్, ఉల్లిపాయ, టమాటా ముక్కలు మాత్రం ఎవరూ ముట్టలేదు. “ఆరోగ్యానికి మంచిదిరా, తినండి” అని వార్డెన్ గారు రెండుసార్లు చెప్పారు. “గడ్డి తినటానికి మేమేమన్నా గేదెలమా సార్?” అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. అందరం నవ్వాం. చెట్ల మీద కోతులు కూడా ఆ బేసిన్ వంకే చూస్తున్నాయి.

అప్పుడు మా వంట ఆయమ్మ ఆ బేసిన్ తన ముందుకు లాక్కుంది. పులిహోరకని తెచ్చిన వేరుశనగ గుళ్ళు కొన్ని మిగిలితే వాటిని గరిటె కాడతో కచ్చాపచ్చాగా నలిపింది. నాలుగు నిమ్మకాయలు పిండింది. కాస్త కారం, పోపు మూకుడులో మిగిలిన నూనె, చివర ఉప్పు వేసి, చేత్తో కింది ముక్కలు పైకి వచ్చేలా రెండు మూడుసార్లు కలిపింది. పది నిమిషాల్లో బేసిన్ ఖాళీ అయింది. గేదె మాట అన్నవాడే రెండోసారి పళ్ళెం చాపాడు!

ముక్కలు అవే, మేమూ వాళ్ళమే. మరి మారింది ఏమిటి? ఆ సంగతి మాకు అప్పట్లో పట్టలేదు. పీజీలో చేరి నగరానికి వెళ్ళాక, ఒక పెద్ద దుకాణంలో అలమరా నిండా ‘సలాడ్ డ్రెస్సింగ్’ సీసాలు చూశాం. ఒక సీసా వెల చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాం గానీ, దాని వెనక అంటించిన కాగితం మాత్రం నిలబడి చదివాం. నూనె, నీళ్ళు, వెనిగర్, చక్కెర, ఉప్పు, ఆవాలు, చిక్కదనానికి ఒక బంక. ఇంతే! ఇదంతా ఆయమ్మ బేసిన్లో కలిపిందే కదా అనిపించింది. ఆమె బంకకు బదులు వేరుశనగ గుళ్ళు వేసింది, వెనిగర్‌కు బదులు నిమ్మకాయ పిండింది. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ఈ విషయమే ఎంచుకున్నాం. హాస్టల్ స్టోరులో ఉండే సరుకులతో, పొయ్యి వెలిగించే పని కూడా పెద్దగా లేకుండా చేసుకోగలిగినది ఇది.

సలాడ్ అనగానే అదేదో పెద్ద హోటళ్ళ తిండి అనుకుంటాం. ఆ మాటకు మూలం లాటిన్ భాషలో ఉప్పు అనే అర్థమున్న మాట. అంటే ఉప్పు చల్లిన ఆకులు, ముక్కలు అన్నమాట. ఆ లెక్కన ఎండాకాలం బస్టాండులో ఉప్పూకారం అద్ది అమ్మే మామిడికాయ ముక్క సలాడే. శ్రీరామనవమికి పానకంతో పాటు పంచే వడపప్పు కూడా సలాడే: నానబెట్టిన పెసరపప్పు, మామిడికాయ తురుము, కొబ్బరి, ఇంకొందరి ఇళ్ళలో కీరదోస ముక్కలు, ఉప్పు. పొయ్యి మీద పెట్టని ఉగాది పచ్చడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మనవాళ్ళు ఆ పేరు పెట్టలేదు, అంతే.

అన్నిటికన్నా మంచి ఉదాహరణ మన పల్నాటి ఇళ్ళలో చేసే పచ్చి దోసకాయ పచ్చడి. ఇందులో ముక్క ఉడకదు, నలగదు. నూరిన కారాన్ని ముక్కకు పట్టించడమే అసలు పని. అరకిలో గట్టి పసుపు దోసకాయలకు ఏడెనిమిది పచ్చిమిరపకాయలు చాలు (మన వైపు నోళ్ళకు పన్నెండు పడతాయి, అది వేరే సంగతి). మిరపకాయల్ని చెంచాడు నూనెలో వేయించి, జీలకర్ర, వెల్లుల్లి, గోలీకాయంత చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో మెత్తగా నూరాలి. దోసకాయలో కూడా పులుపు ఉంటుంది గనుక చింతపండు ఎక్కువ వెయ్యకూడదు. గింజలు తీసి సన్నగా తరిగిన ముక్కల్ని ఈ ముద్దలో కలిపి, కొత్తిమీర చల్లి, పైన ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకుతో తాలింపు పెట్టాలి. తాలింపు నూనె కాస్త చల్లారాక పోస్తే ముక్క కరకరలాడుతూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ప్రతి కాయనూ కోసేటప్పుడే చివర ముక్క కొరికి చూడాలి. చేదుకాయ తగిలితే పులుపు, కారం ఎంత పోసినా ఆ చేదు చావదు. దోస జాతి కాయల్లో ఉండే ఆ చేదు పదార్థం ఎక్కువైతే కడుపులో వికారం, విరేచనాలు కూడా రావచ్చు. వంద మందికి చేసే గుండిగలో ఒక్క చేదుకాయ పడితే ఏమవుతుందో మా బ్యాచ్‌కు బాగా తెలుసు!

ఈ పచ్చడిని విడదీసి చూస్తే ఏ డ్రెస్సింగ్‌లోనైనా ఉండే నాలుగూ కనిపిస్తాయి. పులుపు, నూనె, ఉప్పు, ఇక నాలుగోది వీటిని ముక్కకు అంటిపెట్టుకునేలా చేసేది. ఈ నాలుగోదాన్ని మేము ‘పట్టు’ అంటున్నాం. నిమ్మరసం, నూనె ఒక గ్లాసులో పోసి ఎంత గిలకొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది, రసం కిందికి దిగుతుంది. ముక్కల మీద పోస్తే పైవాళ్ళకు నూనె, అడుగు వాళ్ళకు పులుపు వస్తాయి. అదే గ్లాసులో అర చెంచా ఆవపొడి వేసి గిలకొట్టండి. నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి, చాలాసేపు కలవకుండా ఆగుతుంది. ఆవగింజ పొట్టులోని జిగురు ఆ బొట్ల చుట్టూ చేరి మళ్ళీ ఒకటి కానివ్వదు. ఇంటర్లో సైన్స్ చదివిన తమ్ముళ్ళు దీన్ని ఎమల్షన్ అని గుర్తుపడతారు. ఫ్రాన్సు దేశంలో మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్ కలిపి, ఆవముద్దతో గిలకొట్టి ఆకుల మీద పోసుకుంటారు. మన వాళ్ళు పనసపొట్టు కూరకు, పెరుగు పచ్చడికి ఆవ పెడతారు. మనం ఆవ పెట్టడం ఘాటు కోసం, వాళ్ళు పెట్టడం పట్టు కోసం. ఆవ ఘాటు, నీళ్ళు తగిలి నలిగినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. అందుకే ఆవముద్దను ఎప్పుడూ చివర, చల్లారాకే కలుపుతారు.

మూడు వంతుల నూనె మన హాస్టల్ లెక్కకు కుదరదు, అవసరమూ లేదు. వేరుశనగ గుళ్ళు గానీ నువ్వులు గానీ వేయించి పొడి కొడితే వాటిలోనే నూనె ఉంది, పట్టూ ఉంది. కాబట్టి నూనె, నిమ్మరసం సమానంగా వేసుకున్నా సరిపోతుంది. పదిమందికి ఒక కిలో ముక్కలు అనుకుంటే, మూడు నిమ్మకాయల రసం, మూడు పెద్ద చెంచాల నూనె, నాలుగు పెద్ద చెంచాల వేరుశనగ పొడి, ఒక చిన్న చెంచా ఉప్పు, అర చెంచా కారం. ముందు పొడిలో రసం పోసి ముద్ద చేసి, తరవాత నూనెను కొంచెం కొంచెంగా పోస్తూ కవ్వంతో చిలకాలి. కవ్వం లేకపోతే మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఊపినా అంతే. నువ్వుల పొడితో చేసేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. మెత్తగా నూరిన నువ్వుల ముద్దలో మొదట రసం పడగానే అది పలచబడకుండా గట్టిగా బిగుసుకుంటుంది. చెడిపోయిందని పారబోయకండి. ఇంకొన్ని నీళ్ళు పోసి కలుపుతూ ఉంటే తెల్లగా, మీగడలా జారుతుంది. అరబ్బు దేశాల్లో దీన్ని తహినీ అంటారు, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి ప్రతి తిండి మీదా పోసుకుంటారు. నువ్వులు మన పొలాల్లోనూ పండుతాయి.

నూనె సంగతి కూడా చెప్పాలి. వేరుశనగ నూనె, పప్పునూనె పచ్చిగా వేసినా రుచిగానే ఉంటాయి. పామాయిల్ అయితే చలికాలం పేరుకుపోయి ముక్కల మీద తెల్లగా మైనంలా కనిపిస్తుంది, నోట్లో అంటుకుంటుంది. పామాయిలే ఉంటే దాన్ని కాచి, జీలకర్ర, కరివేపాకు వేసి, గోరువెచ్చగా పోసుకుని వెంటనే తినెయ్యాలి.

ఉప్పు ఎప్పుడు వెయ్యాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. “ఉప్పు ముందే వెయ్యమాకండ్రా, నీరోడుతుంది” అని మా అమ్మ అనేది. బడి మెట్లు ఎక్కని మనిషి. దానికి ఆస్మాసిస్ అనే పేరుందని మాకు ఇంటర్లో తెలిసింది. ఉప్పు తగలగానే ముక్క లోపలి నీరు బయటికి వస్తుంది, ముక్క మెత్తబడుతుంది, గిన్నె అడుగున చేరిన ఆ నీటిలో మన పులుపూ కారం పలచబడి కూర్చుంటాయి. కాబట్టి వడ్డించే ముందే ఉప్పు వెయ్యాలి. వందమందికి వడ్డించాలంటే అన్ని ముక్కలూ ఒక్కసారే కలపకుండా, బేసిన్ తరవాత బేసిన్ కలుపుకోవాలి. ఒక్క కీరదోసకు మాత్రం ఇంకో దారి ఉంది. ముందే ఉప్పు చల్లి పావుగంట ఉంచి, నీరు పిండేసి, ఆపై పెరుగు కలపవచ్చు. అప్పుడు మళ్ళీ ఉప్పు వెయ్యకూడదు.

ఇంత కథ ఎందుకు, అన్నం, పప్పు తింటున్నాం కదా అనవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2000 కిలో కేలరీల తిండిలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. మన పళ్ళెంలో సాంబారులో తేలే రెండు ములక్కాడ ముక్కలు కలుపుకున్నా అందులో సగం అవుతుందా? ఆలోచించండి. మనిషికి వంద గ్రాముల పచ్చి ముక్కలు పడితే నాలుగో వంతు పూర్తయినట్టే. ఇంతకన్నా పెద్ద సంగతి రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తం తక్కువ. అంటే హాస్టల్ వరండాలో బంతి కూర్చున్నప్పుడు పక్క పక్కన ఉన్న ముగ్గురిలో ఒకరు. చెల్లెళ్ళ హాస్టళ్ళలో అయితే ఇద్దరు. సాయంత్రం చదువుకు కూర్చోగానే కళ్ళు మూతలు పడటం, మెట్లెక్కితే ఆయాసం రావడం వీటిని మనం బద్ధకం అనుకుని తిట్లు తింటాం. మాలో కొందరం అలా తిన్నవాళ్ళమే.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును మన ఒళ్ళు తేలిగ్గా పట్టుకోలేదు. దానితో పాటు విటమిన్ సి ఉంటే చాలా మెరుగ్గా పట్టుకుంటుంది. ఆ విటమిన్ వేడికి పాడవుతుంది. కాబట్టి తోటకూర పప్పు ఉన్న రోజున, పక్కన నిమ్మరసం పిండిన పచ్చి ముక్కలు ఉంటే ఆ పప్పు విలువ పెరుగుతుంది. మొలకెత్తిన పెసలకూ ఇదే మాట. భోజనం అవగానే టీ తాగితే మాత్రం టీలోని వగరు ఆ ఇనుమును అడ్డుకుంటుంది. కనీసం గంట ఆగాలి. ఇక క్యారెట్‌లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె తోడుండాలి. ఉత్త క్యారెట్ నమలడం కన్నా చెంచాడు నూనె, నిమ్మరసం పట్టించి తినడం రుచికే కాదు, పోషణకూ మంచిది. అయితే రక్తం మరీ తక్కువగా ఉందని డాక్టరు చెప్తే నిమ్మకాయ ముక్కలతో సరిపోదు, మాత్రలు వేసుకోవాల్సిందే.

పెరుగు దానికదే ఒక డ్రెస్సింగ్. పులుపు, కొవ్వు, పట్టు మూడూ అందులోనే ఉన్నాయి. పలుచని పెరుగైతే పలుచని గుడ్డలో కట్టి అరగంట వేలాడదీస్తే చిక్కబడుతుంది. కింద కారిన నీటిని చారులో పోసుకోవచ్చు. పచ్చిమిరపకాయ, అల్లం, జీలకర్ర నూరి కలిపితే చాలు. చింతపండుతో చేస్తే ఇంకా చవక: నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా పిసికి, అంతే బెల్లం వేసి, ఒక్క పొంగు రానిచ్చి దించి, చల్లారాక వేయించిన జీలకర్ర పొడి, కారం కలపాలి. ఉల్లిపాయ, ముల్లంగి, మొలకల మీద ఇది అద్భుతంగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలవ ఉండేది కూడా ఇదొక్కటే. మిగిలినవన్నీ ఏ పూటకు ఆ పూటే.

నిలవ సంగతి వచ్చింది కాబట్టి, వెల్లుల్లి నలిపి నూనెలో వేసి సీసాలో రోజుల తరబడి బయట ఉంచకండి. గాలి తగలని చోట పెరిగే ఒక సూక్ష్మజీవి అందులో ప్రాణం తీసే విషం తయారుచేయగలదు. ఆవకాయలో వెల్లుల్లి లేదా అంటారేమో, ఆవకాయలో దాన్ని పెరగనివ్వనంత ఉప్పు, పులుపు ఉంటాయి. మన పలుచని డ్రెస్సింగ్‌లో ఉండవు. పచ్చి గుడ్డు సొనతో చేసే మయోనైజ్ జోలికి అసలు పోకండి. అది తిని జనం జబ్బు పడ్డారన్న ఫిర్యాదులు రావడంతో, తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది.

పచ్చివి తినేటప్పుడు కడగడంలోనే ఉంది అంతా. ఒక్క బకెట్ నీళ్ళలో పాతిక కిలోల టమాటాలు ముంచి తీస్తే అది కడగడం కాదు, ఒకదాని మట్టి ఇంకోదానికి పూయడం. పారే నీటి కింద చేత్తో రుద్ది కడగాలి. క్యారెట్, కీరదోస, ముల్లంగి చెక్కు తియ్యాలి. ఆదివారం కోడికూర రోజున ముందు ముక్కలు తరిగి, ఆ తరవాతే అదే కత్తిపీట మీద మాంసం పెట్టాలి. వానాకాలంలో కొత్తిమీర, పుదీనా తప్ప మిగతా ఆకులు పచ్చిగా తినకపోవడమే మేలు, ఆ రెండూ కూడా రెండు మూడు నీళ్ళు మార్చి కడగాలి. నిమ్మరసం, చింతపండు కలిపినవి సత్తు గిన్నెల్లో, కళాయి పోయిన ఇత్తడి గిన్నెల్లో ఉంచకూడదు. పులుపు లోహాన్ని తింటుంది, చిలుము రుచి వస్తుంది. స్టీలు బేసిన్ వాడండి. హాస్టల్లో ఉన్న పెద్ద గుండిగలన్నీ సత్తువే కాబట్టి ఇది మెస్ కమిటీ వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఉప్పు లెక్క అడిగేవాళ్ళకు: ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు అయిదు గ్రాములలోపే ఉప్పు ఉండాలంటోంది, అంటే ఒక చిన్న చెంచా. మేము చెప్పిన కొలతలో ఆ చెంచా పదిమందికి. పులుపు సరిగ్గా ఉంటే ఉప్పు తక్కువైనా నాలుక గమనించదు.

ఈ మధ్య హాస్టల్‌కు వెళ్ళినప్పుడు ఆయమ్మను ఆ రోజు ఎన్ని చెంచాల నూనె వేశావని అడిగాం. “చెంచాలెక్కడియ్యిరా, మూకుట్లో ఎంతుంటే అంత” అంది. ఎండాకాలంలో నిమ్మకాయ ధర చెట్టెక్కి కూర్చుంటే ఏం చేస్తావని కూడా అడిగాం. మామిడికాయ తురుము వేస్తుందట, పుల్లటిది దొరికితే నూనె కూడా తక్కువే పడుతుందట. మామిడి అయిపోయాక చింతచిగురు. దాన్ని ఎండుమిరపకాయలతో పచ్చిగానే నూరి ఉల్లిపాయ ముక్కలకు పట్టిస్తుంది. అది మేమింకా తినలేదు, వచ్చే వేసవికి రమ్మంది.